ఏ యాంటీవైరస్ మంచిదని అడిగే ముందు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర షాపుల్ల అయినా, పాలమూరు క్లాక్ టవర్ దగ్గర అయినా, కొత్త సిస్టం కొన్నోళ్ళు గాని పాతదానికి వైరస్ పట్టినోళ్ళు గాని అడిగే మొదటి మాట ఒక్కటే, "అన్నా, ఏ యాంటీవైరస్ మంచిది?" షాపాయన ఒక డబ్బా తీసి చేతుల పెడ్తడు, ఏడాదికి ఇంత అంటడు, పైసలు కట్టి ఇంటికొస్తరు, ఇగ మనకేం కాదని అదే రోజు సాయంత్రం ఏదో సైట్ల కెళ్ళి క్రాక్ సాఫ్ట్‌వేర్, అంటే పైసలు కట్టకుండ నడిచేటట్టు తాళం పగలగొట్టినది, దించుతరు. అది ఎక్కేటప్పుడు "ముందుగాల యాంటీవైరస్ ఆఫ్ చెయ్యి" అంటది. ఆఫ్ చేస్తరు. పైసలిచ్చి కొన్నదాన్ని మనమే బంద్ పెట్టి మరీ ఎక్కిస్తం, ఇంకేం జెప్పాలె.

ఆ ప్రశ్న తప్పని అంటలేను గని, అది మూడోదో నాలుగోదో అడగాల్సిన ప్రశ్న. దానికన్న ముందు తెలుసుకోవాల్సింది, వైరస్ నా కంప్యూటర్‌లకి ఏ దారిన వస్తది, వచ్చి ఏం గుంజుకపోతది, గుంజుకపోయినంక నాకేం మిగుల్తది అని. ఇంట్ల కంప్యూటర్లకు పట్టే వాటిల్ల చానా మటుకు మనం "ఎస్" అని నొక్కితేనే లోపలికొస్తయ్. గందుకే యాంటీవైరస్ కన్న ముందుగాల మన వేలు ఎక్కడెక్కడ ఎస్ నొక్కుతుందో చూసుకోవాలె.

మొదట్ల ఇంత కిరికిరి లేకుండె. 1986ల లాహోర్‌ల ఇద్దరు అన్నదమ్ములు, బాసిత్, అంజద్ ఫారూఖ్ అల్వీ అనెటోళ్ళు, 'బ్రెయిన్' అని ఒకటి రాసిన్రు, పీసీలకు వచ్చిన మొదటి వైరస్‌గా దాన్నే చెప్తరు. అప్పటి ఫ్లాపీ డిస్క్‌ల బూట్ సెక్టార్‌ల, అంటే కంప్యూటర్ మొదలుగాంగనే చదివే మొదటి భాగంల, కూసునేది, అందుల వాళ్ళ పేర్లు, షాపు అడ్రసు, ఫోన్ నంబర్లు సుత పెట్టిన్రు. ఇప్పుడు ఏ దొంగ అయినా నంబర్ రాసి పెడ్తడా! తర్వాత 2000 మే నెలల ఫిలిప్పీన్స్ కెళ్ళి 'ఐ లవ్ యూ' అనే మెయిల్ బయల్దేరి ప్రపంచం మొత్తం తిరిగింది, తెరిచినోళ్ళ ఫొటోలు ఖరాబ్ చేసి, వాళ్ళ అడ్రస్ బుక్‌ల ఉన్న అందరికీ తనంతట తానే మళ్ళ మెయిల్ కొట్టింది. గప్పటి దాక ఎక్కువ మటుకు పేరు కోసం, పంతం కోసం చేసెటోళ్ళు. ఆ తర్వాత ఇది నిఖార్సయిన పైసల యాపారం అయింది, పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాంలు నెలకింత అని టెలిగ్రామ్‌ల కిరాయికి ఇస్తున్నరు, కొనుక్కున్నోడికి కోడింగ్ రాకున్నా నడుస్తది. వైరస్, వార్మ్, ట్రోజన్, స్పైవేర్ అని పేర్లు చానా ఉన్నయ్ గని ఇంట్ల ఉన్న మనకు ఆ తేడాలతోటి పెద్దగ పని లేదు. మనకు పనికొచ్చే లెక్క రెండే. ఒకటి ఫైళ్ళు లాక్ చేసి పైసలడిగేది, దాన్ని రాన్సమ్‌వేర్ అంటరు, రెండోది సప్పుడు చెయ్యకుండ పాస్‌వర్డ్‌లు ఎత్తుకపొయ్యేది. మిగిలినయ్ ఎక్కువ మటుకు ఈ రెంటికి తొవ్వ చూపెట్టేటియే.

ముందుగాల పెన్‌డ్రైవ్ సంగతి. మన దిక్కు ఇది ఇంకా బతికే ఉంది, ఎందుకంటే మన దిక్కు జిరాక్స్ సెంటర్లు బతికే ఉన్నయ్. టీజీపీఎస్సీ నోటిఫికేషన్ పడ్డా, దోస్త్ అనే డిగ్రీ అడ్మిషన్ల సైట్ల సీటుకు అప్లై చెయ్యాల్నన్నా, హాల్‌టికెట్ ప్రింట్ కావాల్నన్నా, దేవరకొండల గాని వనపర్తిల గాని పిల్లలు పెన్‌డ్రైవ్ పట్టుకొని కాలేజీ ముందటి సెంటర్‌కు ఉరుకుతరు. ఆ సెంటర్ కంప్యూటర్ల పొద్దటికెళ్ళి ఎంత మంది పెన్‌డ్రైవ్‌లు పెట్టి తీసిన్రో దేవునికెరుక. ఇంటికొచ్చి పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయి ఉంటయ్, ఐకాన్ మూలకు చిన్న బాణం గుర్తు ఉంటది. ఫైళ్ళు పోయినయ్ అని ఆగమాగం అయితరు. పోలేదు, అక్కడ్నే ఉన్నయ్, వాటిని కనపడకుండ దాచిపెట్టి, అవే పేర్లతోటి షార్ట్‌కట్‌లు తయారుచేసింది. మనం షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ కొడ్తే ముందు వైరస్ నడుస్తది, ఎనక అసలు ఫోల్డర్ సుత తెరుచుకుంటది. మన పని అయిపోయింది కాబట్టి అనుమానమే రాదు, గదీ దాని తెలివి. గప్పటికెళ్ళి ఆ కంప్యూటర్ల పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కు అంటిస్తది.

ఇట్లయితే పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టుండ్రి అని సెంటర్ల చెప్తరు, ఫార్మాట్ కొడ్తే దాచిపెట్టిన ఫైళ్ళు కూడ పోతయ్, జర ఆగుండ్రి. షార్ట్‌కట్ మీద అసలే నొక్కకుండ, ఫోల్డర్ ఆప్షన్స్‌ల పోయి దాచిన ఫైళ్ళు చూపెట్టు అని పెట్టాలె, దాని కింద ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టం ఫైల్స్ దాచు అని ఇంకో టిక్ ఉంటది, అది కూడ తీసెయ్యాలె. అప్పుడు మన అసలు ఫోల్డర్లు మసకమసకగ కనపడ్తయ్, వాటిల్ల మన ఫొటోలు, పీడీఎఫ్‌లు మాత్రమే ఇంకో జాగల కాపీ చేసుకొని, స్కాన్ కొట్టి, అప్పుడు ఫార్మాట్ చెయ్యాలె. ఎనకట అయితే పెన్‌డ్రైవ్ పెట్టంగనే దానంతట అదే నడిచే ఆటోరన్ ఉండె, 2008ల వచ్చిన కాన్‌ఫికర్ అనే వార్మ్ ఆ తొవ్వను మస్తుగ వాడుకుంది, 2011 ఫిబ్రవరిల మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లకు సుత అప్‌డేట్ పంపి పెన్‌డ్రైవ్‌లకు దాన్ని బంద్ చేసింది. గందుకే ఇప్పుడు షార్ట్‌కట్ వేషం వేస్కొని మన క్లిక్ కోసం చూస్తది.

సెంటర్‌కు పొయ్యేటప్పుడు అన్నిటికన్న సుళువైన పని, ఇంట్ల పాతది ఒక చిన్న పెన్‌డ్రైవ్ దానికోసమే పక్కన పెట్టుడు. అందుల ఆ రోజు ప్రింట్ తియ్యాల్సిన పీడీఎఫ్ ఒక్కటే ఉండాలె, ఇంటికొచ్చినంక ఏదీ తెరవకుండ ఫార్మాట్ కొట్టాలె. వాట్సాప్‌ల పంపుతే అయిపోతది గదా అంటరేమో, వైరస్ వరకు నిజమే, గని మన ఆధార్ కాపీ ఆ సెంటర్ కంప్యూటర్ల డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ల పడి ఉంటది, అదింకో లొల్లి. ప్రింట్ తీసినంక డిలీట్ చేపించుండ్రి, మొగమాటపడకుండ.

ఇగ రెండో దారి, నా లెక్కల అన్నిటికన్న పెద్ద దారి, క్రాక్ సాఫ్ట్‌వేర్. మన దిక్కు కంప్యూటర్ కొనుడు ఎట్లుంటదో తెలిసిందే గదా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు పోయి అసెంబుల్ చేపిచ్చుకొని వస్తరు లేకుంటే ఊర్లనే ఎవరితోనైనా కట్టిపిస్తరు, కట్టినోళ్ళు చానా మంది "ఫుల్ లోడ్ చేసి ఇస్తం సార్" అంటరు. ఫుల్ లోడ్ అంటే విండోస్‌ను కొనకుండనే కొన్నట్టు చూపెట్టే యాక్టివేటర్, ఆఫీస్, ఫొటోషాప్, ట్యాలీ, డీటీపీ చేసెటోళ్ళకైతే పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్, అన్నీ ఏదో ఒక పెన్‌డ్రైవ్ కెళ్ళి దించినయే. ఆ క్రాక్‌లు ఎక్కడికెళ్ళి వచ్చినయో లోడ్ చేసినాయనకు కూడ తెల్వది, ఇంకొకాయన ఇచ్చిండు, ఆయనకు ఇంకొకాయన. క్రాక్ అనేది అసలు ప్రోగ్రాంను కోసి మార్చే ప్రోగ్రాం కాబట్టి యాంటీవైరస్ దాన్ని చూసి మొత్తుకునుడు మామూలే, గందుకే "అది ఉత్తగనే అట్ల చూపెడ్తది, ఏం కాదు, ఆఫ్ చెయ్యుండ్రి" అనే మాట అందరికీ అలవాటయింది. దొంగలకు కావాల్సింది గా అలవాటే. నిజంగ ఉత్తదేనా, లోపల ఇంకేమైనా కూసుందా అనేది బయటికెళ్ళి చూసి చెప్పుడు ఎవ్వరి తరం కాదు.

ఏం కూసుంటదో ఒక ఉదాహరణ చెప్త. స్టాప్ లేకుంటే డీజేవీయూ అని పిలిచే రాన్సమ్‌వేర్ ఒకటుంది, పెద్ద కంపెనీల మీదికి పోదు, ఇంట్ల కంప్యూటర్లు, చిన్న షాపులు, స్టూడియోలు దాని మేత. అది ఎక్కువగ వచ్చింది క్రాక్‌లు, దొంగ లైసెన్స్ నంబర్లు తయారుచేసే కీజెన్‌లల్ల కెళ్ళే. ఎక్కినంక ఫైలు పేరు చివర ఇంకేదో నాలుగక్షరాల తోక తగుల్తది, ఏదీ తెరుచుకోదు, ప్రతి ఫోల్డర్‌ల రీడ్‌మీ అని ఒక చీటీ పెట్టిపోతది. 980 డాలర్లు కట్టు, 72 గంటల లోపు కాంటాక్ట్ చేస్తే సగం, 490కే ఇస్తం అని డిస్కౌంట్ ఆఫర్ కూడ! పెండ్లిళ్ళ సీజన్‌ల ఒక ఫొటో స్టూడియో సిస్టంకు గిది పడ్తే ఊహించుకోండ్రి, ఆల్బమ్ చెయ్యాల్సిన ఫొటోలు, ఎడిటింగ్‌ల ఉన్న వీడియోలు అన్నీ ఒక్క రాత్రిల లాక్. పిల్ల తల్లిదండ్రులకు ఏమని జెప్పాలె, పెండ్లి మళ్ళ జేపియ్యలేం గదా.

ఇక్కడ ఒక సంగతి చానా మందికి తెల్వదు. అది లాక్ చేసేటప్పుడు దాని సర్వర్‌తోటి మాట్లాడగలిగితే ప్రతి కంప్యూటర్‌కు వేరే తాళంచెవి తయారుచేస్తది, అది వాళ్ళ దగ్గరనే ఉంటది. నెట్ లేకనో సర్వర్ బంద్ అయ్యో మాట్లాడకపోతే తనతోటి తెచ్చుకున్న ఒకటే తాళంచెవి వాడ్తది, దాన్ని ఆఫ్‌లైన్ కీ అంటరు, అది దొరికితే అదే రకం పట్టిన చానా మంది ఫైళ్ళు తెరుచుకుంటయ్. 2019 అక్టోబర్‌ల ఎంసీసాఫ్ట్ అనే కంపెనీ అట్లాంటి వాటికి ఉచితంగ ఒక టూల్ ఇచ్చింది. ఇంకోటి, ఇది తొందరల పెద్ద ఫైలు మొత్తం లాక్ చెయ్యదు, ముందటి సుమారు 150 కేబీ మాత్రమే ఖరాబ్ చేస్తది, అందుకే పెద్ద వీడియోలు కొన్నిటిని రిపేర్ టూల్స్‌తోటి చానా మటుకు బయటికి తీసిన సందర్భాలున్నయ్. కాబట్టి ఇది పడ్తే ఎంబడే అంతా ఫార్మాట్ కొట్టి పారెయ్యద్దు. లాక్ అయిన ఫైళ్ళను, ఆ చీటీని ఇంకో డిస్క్‌ల దాచిపెట్టుకోవాలె, 2016ల యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు, ఇంక రెండు సెక్యూరిటీ కంపెనీలు కలిసి పెట్టిన నో మోర్ రాన్సమ్ అనే సైటుంది, అందుల ఒక లాక్ అయిన ఫైలు ఎక్కిస్తే మందు ఉందో లేదో చెప్తది. ఈ రోజు లేకున్నా ఏడాది తర్వాత రావచ్చు. పైసలు కడ్తే ఇస్తరా అంటే, ఇయ్యొచ్చు ఇయ్యకపోవచ్చు, దొంగ మాటకు గ్యారంటీ ఎవ్వలిస్తరు. ఇంక ఇదే డీజేవీయూ చానా సార్లు వచ్చేటప్పుడు తోడుగ ఒక పాస్‌వర్డ్‌ల దొంగను కూడ పట్టుకొచ్చేది, మనం ఫైళ్ళ గురించి ఏడుస్తుంటే అది పక్కకెళ్ళి జీమెయిల్ ఎత్తుకపోతది.

క్రాక్ లేకుంటే పని ఎట్ల నడుస్తది అంటరు, నిజమే, ఫొటోషాప్‌కు నెలనెల కట్టుడు అందరితోని కాదు. గని ఇంట్ల లెటర్ టైప్ చేసి రెజ్యూమె ప్రింట్ తీసేటందుకు ఉచితంగ దొరికే లిబ్రెఆఫీస్ మస్తు సరిపోతది, ఫొటో కట్ చేసి పాస్‌పోర్ట్ సైజు పెట్టేటందుకు జింప్ ఉంది. తెలుగుకు ఇప్పుడు యూనికోడ్‌ల మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌ల ఉచితంగ దొరుకుతున్నయ్. 2001ల వచ్చిన పేజ్‌మేకర్ 7ను ఇంకా క్రాక్ పెట్టి లాక్కొచ్చే డీటీపీ అన్నలకు నేను చెప్తే వింటరన్న ఆశ లేదు, వాళ్ళ యాపారం, వాళ్ళ పాత ఫైళ్ళు వాళ్ళకుంటయ్. కనీసం ఆ సిస్టంల బ్యాంకు పని, సొంత జీమెయిల్ పెట్టకుండ్రి, దానికి నెట్ వైరే తీసేస్తే ఇంకా మంచిది.

మూడోది ఇప్పుడు అన్నిటికన్న తేజు మీదున్నది, పాస్‌వర్డ్‌ల దొంగ. ఇంగ్లీషుల ఇన్ఫోస్టీలర్ అంటరు. ఇంట్ల పిలగాడు గేమ్‌కు చీట్ కావాల్నని యూట్యూబ్‌ల వెతుకుతడు, వీడియో కింద లింకు ఉంటది, జిప్ ఫైలు, దానికి పాస్‌వర్డ్ 1234 అని అక్కడ్నే రాసి ఉంటది. ఎందుకు పాస్‌వర్డ్ పెట్టిన్రు అంటే పాస్‌వర్డ్ ఉన్న జిప్‌ల లోపల ఏముందో యాంటీవైరస్‌కు కనపడదు, గంతే. పిలగాడు తెరిచి నడిపిస్తడు, ఏం కాదు, గేమ్‌ల చీట్ కూడ పనిజెయ్యదు, ఫేక్ అనుకొని వదిలేస్తడు. ఆ లోపట్నే బ్రౌజర్‌ల సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ, దాంతోపాటు కుకీలు కూడ పోయినయ్. కుకీ అంటే మీరు ఆల్రెడీ లాగిన్ అయి ఉన్నరని సైట్‌కు చెప్పే చిన్న చీటీ. దొంగ దాన్ని వాని బ్రౌజర్‌ల పెట్టుకుంటే జీమెయిల్ వాణ్ని మీరే అనుకుంటది, పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ అడగదు. "ఓటీపీ నేను ఎవ్వరికి చెప్పలే, అయినా అకౌంట్ ఎట్ల పోయింది" అని పరేషాన్ అయ్యేటోళ్ళల్ల కొందరిది గిదే కథ. 2024 అక్టోబర్‌ల రెడ్‌లైన్ అనే దొంగ ప్రోగ్రాం సర్వర్లను పలు దేశాల పోలీసులు పట్టుకున్నరు, 2025 మేల లూమా అనే దాని మీద మైక్రోసాఫ్ట్ కోర్టుకు పోయి డొమైన్లు గుంజుకుంది, రెండు నెలల్లనే 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లకు లూమా పట్టిందని వాళ్ళే లెక్క చెప్పిన్రు. ఒకటి పోతే ఇంకోటి వస్తనే ఉంది.

దీని తమ్ముడు ఇంకోటుంది, 2024 కెళ్ళి మస్తు నడుస్తుంది. ఏదో సైటుకు పోతరు, నేను రోబోను కాదు అనే డబ్బా వస్తది, నొక్కుతే "ధ్రువీకరణ కోసం విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కు, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్" అంటది. మీరు ఆ డబ్బా నొక్కినప్పుడే సైటు ఒక కమాండ్‌ను మీకు తెల్వకుండ కాపీ చేసి పెట్టింది, ఇప్పుడు దాన్ని మీ చేతులతోనే రన్ బాక్స్‌ల, అంటే విండోస్‌కు కమాండ్ ఇచ్చే డబ్బాల, అతికించి నడిపించిన్రు. ఇందుల మనం దించుకొని తెరిచే ఫైలే లేదు, మిగిలింది ఆ కమాండే చూసుకుంటది, యాంటీవైరస్‌కు ఆపే మోక చానా తక్కువ. ప్రపంచంల ఏ నిజమైన సైటు మీరు మనిషే అని తెలుసుకునుడు కోసం రన్ బాక్స్ తెరవమనదు. ఇది ఇంట్ల పెద్దోళ్ళకు, పిల్లలకు ఒక్కసారి చేసి చూపెట్టి చెప్పుండ్రి, చదివితే యాది ఉండదు.

మెయిల్ల, వాట్సాప్ వెబ్‌ల వచ్చే ఫైళ్ళ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, ఒక్క సెట్టింగ్ మార్చుకోండ్రి చాలు. విండోస్ మామూలుగ ఫైలు పేరు చివరి తోక దాచిపెడ్తది, అందుకే బిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ అనే ప్రోగ్రాం మనకు బిల్లు డాట్ పీడీఎఫ్ అనే కనపడ్తది. 2000ల ఐ లవ్ యూ మెయిల్ ఆడింది కూడ అచ్చం గిదే నాటకం, పేరు టెక్స్ట్ ఫైల్ లెక్క, అసలు తోక వీబీఎస్, అంటే నొక్కంగనే నడిచే స్క్రిప్ట్. ఇన్నేండ్లయినా ఆ సెట్టింగ్ గట్లనే ఉంది, నాకైతే ఇప్పటికీ సమజ్ కాదు ఎందుకో. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ల వ్యూల పోయి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అని టిక్ పెట్టుండ్రి. ఫోన్ల దిక్కు పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలాన్ అని వాట్సాప్‌ల వచ్చే ఏపీకే ఫైళ్ళు, అంటే ఫోన్ల యాప్ ఎక్కించేటియి, ఇదే కుటుంబం, వాటి సంగతి ఇంకోసారి.

ఇప్పటిదాక చెప్పినయన్నీ మన వేలు నొక్కితే వచ్చేటియి. ఏం నొక్కకున్నా వచ్చేటియి కూడ ఉన్నయ్, అక్కడ అప్‌డేట్ ఒక్కటే దిక్కు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్ ఇచ్చింది, ఫైల్ షేరింగ్‌ల ఉన్న బొక్కను పూడ్చేది. మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది, ఆ బొక్కల కెళ్ళే దూరి, ఒక కంప్యూటర్ కెళ్ళి పక్క కంప్యూటర్‌కు ఎవ్వరూ ఏం నొక్కకుండనే పాకింది, బ్రిటన్‌ల దవాఖానల కెళ్ళి ఆంధ్ర పోలీసుల కంప్యూటర్ల దాక తగిలింది. నడుమ రెండు నెలలు. ఆ రెండు నెలల్ల అప్‌డేట్ చేసుకున్నోళ్ళకు ఆ బొక్క మూసుకపోయింది.

మన దిక్కు అప్‌డేట్లు ఎందుకు ఆపుతరంటే బద్ధకం కాదు, డేటా. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి నడిపించే ఇండ్లు ఎన్ని లేవు, రోజుకు వచ్చే జీబీన్నర, రెండు జీబీల అప్‌డేటే సగం తాగితే పిలగాండ్ల క్లాసు ఎట్ల. దానికి మొత్తమే బంద్ పెట్టుడు జవాబు కాదు. మైక్రోసాఫ్ట్ నెలకొకసారి, రెండో మంగళవారం నాడు అప్‌డేట్లు వదుల్తది, మనకు మంగళవారం రాత్రికో బుధవారం పొద్దుగాలకో వస్తయ్. హాట్‌స్పాట్‌ను మీటర్డ్ కనెక్షన్, అంటే డేటా లెక్కగ వాడాల్సిన కనెక్షన్, అని పెట్టుకొని, నెలల ఆ వారం ఒక రోజు రాత్రి మిగిలిన డేటాతోటి మనమే పోయి దించుకుంటే పని అయిపోతది. బ్రౌజర్‌ను మాత్రం ఎప్పటికప్పుడు కానియ్యాలె, అది చిన్నదే.

విండోస్ 7కు 2020 జనవరి 14 తోటే అప్‌డేట్లు ఒడిసినయ్, అయినా ఊర్లల్ల ఇంకా నడుస్తనే ఉన్నయ్. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న ఒడిసింది, ఇండ్లల్ల వాడేటోళ్ళకు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాక ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లు పెట్టిన్రు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోటి సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే పైసలు లేకుండనే వస్తయ్, అప్‌డేట్ పేజీలనే ఎన్‌రోల్ అని ఉంటది. విండోస్ 11కు పోదామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలె, ఇంటెల్ అయితే 8వ జనరేషన్ ప్రాసెసర్ కెళ్ళే లెక్క, పాత కంప్యూటర్లు చానా వరకు ఆగిపోతయ్. అట్లాంటి దానికి విండోస్‌కు బదులు ఉచితంగ దొరికే లైనక్స్ మింట్ ఎక్కిస్తే నెట్ చూసుడు, అప్లికేషన్లు నింపుడు, యూట్యూబ్ అన్నీ నడుస్తయ్. ట్యాలీ కావాలె, తెలిసిన ఫలానా సాఫ్ట్‌వేరే కావాలె అంటే మాత్రం అది మీకు కాదు.

ఇగ ఇప్పుడు అడుగుండ్రి, ఏ యాంటీవైరస్ మంచిదని. విండోస్ 8 కెళ్ళి, అంటే 2012 నుంచి, మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ లోపల్నే వస్తుంది, ఇప్పుడున్న డిఫెండర్ ఇంట్ల వాడకానికి చాలు. బయటిది కొంటే తప్పేం లేదు, కొంటే డిఫెండర్ తనంతట తాను పక్కకు జరుగుతది, గని బయటివి రెండు ఒక్కసారి వేస్తే ఒకదాన్నొకటి చూసి కొట్టుకుంటయ్, సిస్టం జామ్ అయితది. ఏదైనా సరే, పాత దొంగల గుర్తులు పట్టుకొని వెతుకుడు, అనుమానంగ నడుచుకునేదాన్ని ఆపుడు, తెలియనిదాన్ని కంపెనీ సర్వర్‌ను అడుగుడు, ఈ మూడు పనులే చేస్తది. దొంగలు అదే ప్రోగ్రాంను రోజుకో కొత్త ప్యాకింగ్‌ల పంపుతరు, అందుకే ఈ రోజు వచ్చినదాన్ని ఈ రోజే పడ్తదని నమ్మలేం. డిఫెండర్ల రెండు చూసుకోండ్రి. ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్ ఉందా, దాంతోటి వేరే ప్రోగ్రాం డిఫెండర్‌ను చాటుకు బంద్ చెయ్యలేదు. ఇంకోటి రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌ల ఉండే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్, అది మామూలుగ ఆఫ్ ఉంటది, ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రాం మీ డాక్యుమెంట్లు, ఫొటోలు మార్చకుండ ఆపుతది. కొన్నిసార్లు మంచి ప్రోగ్రాంను కూడ ఆపి విసిగిస్తది, అప్పుడు దాన్ని అలౌ చేసుకోవాలె. భారత ప్రభుత్వం తన సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ కింద 2017ల పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్ల కూడ ఉచిత క్లీనింగ్ టూల్స్ ఉన్నయ్, అనుమానం ఉంటే ఇంకోసారి స్కాన్ కొట్టేటందుకు పనికొస్తయ్.

స్క్రీన్ మూలకు "మీ కంప్యూటర్ల ఐదు వైరస్‌లున్నయ్" అని ఎర్రగ వస్తే అది యాంటీవైరస్ కాదు. ఏదో సైట్ల అలౌ నొక్కిన పాపానికి వచ్చే బ్రౌజర్ నోటిఫికేషన్, క్రోమ్ సెట్టింగ్స్‌ల సైట్ సెట్టింగ్స్‌కు పోయి నోటిఫికేషన్స్‌ల ఆ సైటును తీసేస్తే లొల్లి బంద్. అందుల ఇచ్చిన నంబర్‌కు ఫోన్ చేసి, వాడు చెప్పిండని స్క్రీన్ షేర్ యాప్ వేసుకున్నరనుకోండి, ఇగ వైరస్ అక్కర్లే.

ఇంట్ల ఒకటే కంప్యూటర్, ఒకటే లాగిన్, అందరికీ అడ్మిన్ పవర్, ఇది ఇంటి తాళంచెవుల గుత్తి మొత్తం చిన్నపిలగాని మొలతాడుకు కట్టి బజారుకు తోలినట్టు. పిల్లలకు వేరే అకౌంట్ చెయ్యుండ్రి, స్టాండర్డ్ యూజర్ అని పెట్టుండ్రి. ఏదైనా ఇన్‌స్టాల్ చెయ్యాల్నంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతది, అప్పుడు నాన్నో అమ్మో వచ్చి ఏంది ఇది అని చూస్తరు. పాస్‌వర్డ్‌ల దొంగకు అడ్మిన్ పవర్ అక్కర్లే, నిజమే, గని పిలగాని అకౌంట్‌ల పడ్డది వాని బ్రౌజర్‌ల ఉన్నదే ఎత్తుకపోతది, నాన్న జీమెయిల్, నాన్న బ్యాంకు ఇంకో అకౌంట్‌ల ఉంటయ్ కాబట్టి మామూలుగ దానికి చేతికందవు. గిదొక్క పని చేస్తే పైన చెప్పిన వాటిల్ల సగం తిప్పలు తగ్గుతయ్, పైసా ఖర్చు లేదు. బ్యాంకు పాస్‌వర్డ్ మాత్రం ఏ బ్రౌజర్‌లనూ సేవ్ చెయ్యకుండ్రి.

ఇన్ని చేసినా పట్టదని రాసిచ్చెటోడు ఎవ్వడూ లేడు, గందుకే బ్యాకప్. ఒక బయటి హార్డ్ డిస్క్ కొని, నెలకోసారి ఫొటోలు, సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు, యాపారం లెక్కలు కాపీ చేసి, తీసి బీరువాల పెట్టాలె. తీసి అన్న మాట పైలంగ వినుండ్రి, కంప్యూటర్‌కే తగిలిచ్చి పెట్టిన డిస్క్‌ను రాన్సమ్‌వేర్ దానితో పాటే లాక్ చేస్తది. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ సింక్ ఉందిగా అంటే, లాక్ అయిన ఫైళ్ళు కూడ సింక్ అయి పైకి పోతయ్, పాత వెర్షన్లు కొన్ని రోజుల దాక వెనక్కి తీసుకోవచ్చు, మామూలుగ నెల, ఆ లోపు చూసుకోవాలె. అప్పుడప్పుడు బ్యాకప్‌ల కెళ్ళి ఒక ఫైలు తెరిచి చూసుకోండ్రి, తెరుచుకోని బ్యాకప్‌లు మస్తుంటయ్.

పట్టిందని తెలిస్తే ముందుగాల నెట్ తీసెయ్యుండ్రి, తగిలిచ్చి ఉన్న డిస్క్‌లు, పెన్‌డ్రైవ్‌లు పీకెయ్యుండ్రి. పాస్‌వర్డ్‌లు మార్చుడు ఆ కంప్యూటర్ల చెయ్యద్దు, ఫోన్ల కెళ్ళి చెయ్యాలె, ముందు జీమెయిల్, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదనే రీసెట్ అయితయ్, మార్చినంక అన్ని డివైజ్‌ల కెళ్ళి సైన్ అవుట్ కొట్టాలె, లేకుంటే దొంగ చేతిలున్న కుకీ ఇంకా పనిజేస్తనే ఉంటది. అకౌంట్ల కెళ్ళి పైసలు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంబడే ఫోన్, ఎంత తొందరగ చేస్తే ఆ పైసలు ఎక్కడికి పోయినయో అక్కడ ఆపే మోక అంత ఎక్కువ, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌ల కంప్లైంట్ పెట్టొచ్చు, మన దగ్గర తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఈ కేసులు చూస్తది. కంప్యూటర్‌ను డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ కొట్టొచ్చు, అది విండోస్ మొదలుగాకముందే నడుస్తది, దాక్కున్నయ్ బయటపడ్తయ్. నా మాట అడిగితే పాస్‌వర్డ్‌ల దొంగ పట్టిన సిస్టంను క్లీన్ చేసుడు కన్న మొత్తం ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగ ఎక్కిచ్చుడు నయం.

ఎక్కిచ్చేటప్పుడు మెకానిక్ జేబుల ఉన్న ఫుల్ లోడ్ పెన్‌డ్రైవ్ వద్దనుండ్రి, లేకుంటే కథ మళ్ళ మొదటికి. వైరస్ లేని ఇంకో కంప్యూటర్ల మైక్రోసాఫ్ట్ సైట్ కెళ్ళి మీడియా క్రియేషన్ టూల్ దించి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌ల విండోస్ తయారుచేసుకోవచ్చు, దానికి పైసలడగరు. మీది షోరూంల విండోస్‌తోటి కొన్న ల్యాప్‌టాప్ అయితే, విండోస్ 8 కెళ్ళి ఇటు వచ్చిన వాటిల్ల విండోస్ లైసెన్స్ కీ మదర్‌బోర్డ్‌లనే ఉంటది, అదే ఎడిషన్ ఎక్కిచ్చి నెట్ తగిలిస్తే యాక్టివేషన్ దానంతట అదే అయితది. అట్లాంటి ల్యాప్‌టాప్‌లకు కూడ యాక్టివేటర్ క్రాక్ ఎక్కిచ్చి ఇచ్చేటోళ్ళున్నరు, అవసరమే లేదు. కీ లేని అసెంబుల్ సిస్టం అయినా విండోస్ నడుస్తది, మూలకు యాక్టివేట్ విండోస్ అని మసకగ రాసి ఉంటది, వాల్‌పేపర్, రంగులు సెట్టింగ్స్‌ల మార్చుకోనియ్యదు, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం వస్తనే ఉంటయ్.